ఇరవై రెండు మీటర్ల అవతల

దశరథ మూడోసారి కూడా అదే టైము చెప్పాడు.

"నిన్న పొద్దున తొమ్మిది నలభైకి ఎల్లిండు సార్. బ్యాగు, టెస్టరు తీస్కొని బండి మీద పోయిండు."

"యాడికి?"

"దిల్‌సుఖ్‌నగర్. పద్నాలుగో పెట్టె కాడికి."

"ఎవరు పంపిన్రు?"

"ఎవరు పంపలే. వారానికోసారి పెట్టెలన్నీ చూసి రావాలె. ఆయన వంతు ఉండె, పోయిండు."

సీతారాములు నోటుబుక్కులో రాసుకున్నాడు. ముప్పై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, క్రైమ్ టీమ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. రెండేళ్ళ కింద దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పుస్తకాల దుకాణం పైన డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టాడు. అప్పటినుంచి పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు తప్ప చెప్పుకోదగ్గ కేసు రాలేదు. నిన్న సాయంత్రం కౌసల్య వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మె వల్ల నాలుగు వారాలుగా బస్సుల్లేవు. పోచంపల్లి దగ్గరి పల్లె నుంచి పాలవ్యాన్‌లో కూర్చుని వచ్చింది. రోజూ పొద్దున, మధ్యాహ్నం ఫోన్ చేసే కొడుకు నరేష్‌కుమార్ మధ్యాహ్నం చేయలేదు. తను చేస్తే ఫోన్ బంద్ అని వస్తోంది. ఆమె చెప్పింది అంతే.

నరేష్ ఎల్.బి.నగర్‌లోని ఒక ఇంటర్నెట్ కేబుల్ కంపెనీలో లైన్ టెక్నీషియన్. ఇప్పుడు సీతారాములు కూర్చున్నది ఆ కంపెనీ కంట్రోల్ రూములో, బిల్డింగు రెండో అంతస్తులో. దశరథ అక్కడి సూపర్‌వైజర్.

"కాల్ రికార్డు తెప్పించిన. పదీ యాభై రెండుకు నీకు ఫోన్ చేసిండు. నలభై సెకండ్లు మాట్లాడిన్రు. ఏమన్నడు?"

దశరథ చేతిలోని నీళ్ళసీసా మూత బిగించి, మళ్ళీ విప్పాడు.

"అంత మంచిగున్నది, అన్నం తిని ఒస్తా అన్నడు."

"పదకొండు కూడ కాలే. అప్పుడే అన్నమా?"

"ఏమో సార్. గట్లనే అన్నడు."

"గా ఒక్క ముక్కకు నలభై సెకండ్లు పట్టిందా?"

దశరథ సీసా కింద పెట్టాడు.

"పదకొండు ముప్పై ఐదుకు ఫోన్ బంద్ అయింది. అప్పుడు నువ్వు యాడున్నవ్?"

"ఈడనే. ఆఫీసుల."

తలుపు తోసుకుని కంపెనీ ఓనరు రామస్వామి లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి మూలన కూర్చున్న కౌసల్యకు తానే ఇచ్చాడు. ఆయనదీ ఆమె ఊరే. మగ్గం వదిలి పట్నం వచ్చి కేబుల్ వ్యాపారం పెట్టిన మొదటివాడు. నరేష్‌కు ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

"తాగు చెల్లె. రాత్రి నుంచి ఏం తినలేదంటివి."

"నువ్వే దిక్కు అన్నా," అంది కౌసల్య. గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

సీతారాములు ఆయన్ని అడిగాడు. "నరేష్ మీద నిన్న సాయంత్రం మీరే కంప్లైంట్ ఇచ్చిన్రట. బ్యాటరీలు దొంగిలించిండని."

రామస్వామి తలదించుకున్నాడు. "పెట్టెలల్ల పెట్టిన పదహారు బ్యాటరీలు కనపడ్తలేవు. పిలగాడు కనపడ్తలేడు. ఈ పెట్టెలు నావి కావు సార్, బొంబాయి కంపెనీవి. నేను రాసియ్యకపోతే నన్ను పట్టుకుంటరు. వాడు నన్ను మామ అని పిలుస్తడు. ఇష్టముండి ఇచ్చిన్నా?"

ఆయన కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఏం అడగాలో సీతారాములుకు తోచలేదు. టైములు కలవడం లేదు, మనుషులేమో పట్టు దొరకనివ్వడం లేదు.

అప్పటిదాకా తెర ముందు మౌనంగా కూర్చున్న ఆపరేటరు ఉదయలక్ష్మి కుర్చీ ఇటు తిప్పింది. గుంటూరు నుంచి వచ్చి నాగోల్‌లో స్థిరపడిన కుటుంబం ఆమెది. ఈ గదిలో మూడేళ్ళుగా పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆమెదే డ్యూటీ.

"సార్, ఒక్కసారి ఇటు చూస్తారా? ఇది తప్పో ఒప్పో నాకు తెలియట్లేదు. చెప్పకుండా ఉండలేకపోతున్నాను."

సీతారాములు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తెర మీద వరుసగా పెట్టెల నంబర్లు, పక్కన పచ్చ చుక్కలు.

"ఇళ్ళకు ఇంటర్నెట్ పంచే మా పెట్టెలన్నీ టెర్రస్‌ల మీద ఉంటాయండి, కరెంట్ పోతే బ్యాటరీ మీద నడుస్తాయి. ఇక్కడి నుంచి కమాండ్ ఇచ్చి ఏ పెట్టెనైనా ప్రశ్న అడగొచ్చు. ఉన్నావా అంటే ఉన్నానంటుంది. ఫలానా తీగ ఎలా ఉందంటే అదీ చెప్తుంది. ఒక్కో తీగలో నాలుగు జతల రాగి ఉంటుంది. ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్. కొస ఊరికే వేలాడుతుంటే ఓపెన్ అని, ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చూపిస్తుంది. ఒక జతలో రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే షార్ట్ అని చూపిస్తుంది."

"సరే."

"పద్నాలుగో పెట్టెలో ఏడో పోర్టు. దాని మీద కస్టమర్ ఎవరూ లేరు. నిన్నంతా నాలుగూ ఓపెన్, ఇరవై రెండు మీటర్లు. ఈరోజు ఏడింటికీ అంతే. ఇదిగో చూడండి."

ఆమె రాసిపెట్టుకున్న పుస్తకం ముందుకు జరిపింది. ఎనిమిదికి బ్రౌన్ షార్ట్. తొమ్మిదికి బ్రౌన్ విడిపోయింది, బ్లూ షార్ట్. పదికి బ్లూ విడిపోయింది, గ్రీన్ షార్ట్. దూరం మాత్రం ప్రతిసారీ ఇరవై రెండు మీటర్లే.

వెనక నుంచి దశరథ గొంతు వినిపించింది. "ఎలుకలు కొరికితే గట్లనే ఐతది. టెర్రస్ మీద మస్తు ఎలుకలు."

"ఎలుక గంటకోసారి ఒచ్చి ఒక జత ఇప్పి ఇంకో జత మెలిపెడ్తదా?" అన్నాడు సీతారాములు.

ఉదయలక్ష్మి గొంతు తగ్గించింది. "ర్యాలీల్లో తీగలు తెగుతున్నాయి, గంటకోసారి అన్నీ చూడమని నాకు చెప్పింది నరేషే సార్. సరిగ్గా గంట కొట్టగానే నడుపుతానని అతనికి తెలుసు. మిగతా డ్యూటీల వాళ్ళు నడపరు."

కౌసల్య లేచి వచ్చి ఉదయలక్ష్మి వెనక నిలబడింది.

"నా కొడుకు మాట్లాడుతుండా బిడ్డా?"

"మాట కాదు ఆంటీ. ఆ తీగ కొస అతని చేతిలో ఉండి ఉండొచ్చు. వేళ్ళు కదులుతున్నాయి."

"మరి పిలువు. అమ్మ ఒచ్చిందని చెప్పు."

ఉదయలక్ష్మి సీతారాములు వైపు చూసింది. "ఇటు నుంచి ఏమీ చెప్పలేం ఆంటీ. మనం విన్నామని కూడా అతనికి తెలియదు."

కౌసల్య తెర మీద గ్రీన్ జత పక్కనున్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. చదవడం ఆమెకు రాదు. వేలు తీయకుండా అట్లాగే నిలబడింది.

సీతారాములు తిరిగి చూసేసరికి దశరథ గదిలో లేడు.

తెర మీద పద్నాలుగో పెట్టె అడ్రసు ఉంది: దిల్‌సుఖ్‌నగర్, కోచింగ్ సెంటర్ల కాంప్లెక్స్, టెర్రస్. టైము పదీ ఇరవై ఐదు. పదకొండుకు కొత్తపేట దగ్గర రాస్తారోకో మొదలవుతుందని పొద్దున్నే విన్నాడు. స్కూటర్ తీశాడు. దారిలో ఆగి ఎస్సై త్రినాథరావుకు ఫోన్ చేశాడు. కంప్లైంట్ ఆయన దగ్గరే ఉంది.

కాంప్లెక్స్‌కు చేరేసరికి పదీ యాభై. సమ్మె మొదలైనప్పుడు మూసిన కోచింగ్ సెంటర్ల షట్టర్లు ఇంకా తెరవలేదు. విద్యార్థులు ఊళ్ళకు వెళ్ళిపోయారు. మెట్ల దగ్గర వాచ్‌మన్ భార్య అండాలమ్మ బియ్యం చెరుగుతోంది.

"నిన్న ఒచ్చిండు గా పిలగాడు," అంది ఆమె, పైకి దారి చూపిస్తూ. "పైకి పోయిండు, ఐదు నిమిషాలల్ల దిగిండు. ఎవరితోనో ఫోన్ల గట్టిగ మాట్లాడుకుంట పోయిండు."

"ఏమని?"

"ఏడ పెట్టినవ్, ఏడ పెట్టినవ్ అని. గంతే ఇన్న."

టెర్రస్ మీద లిఫ్టు గది గోడకు ఒక ఇనప ఫ్రేము ఉంది. ఫ్రేములో పెట్టె లేదు. నాలుగు బోల్టు రంధ్రాలు, గోడ మీద పెట్టె ఉన్నంత మేర మాయని సున్నం. తీగలు కోసి, టేపుతో నీటుగా కట్ట కట్టి ఉన్నాయి. సీతారాములు ఒక కొస వంచి చూశాడు. రాగి నల్లబడింది. నిన్న కోసింది కాదు, రెండు మూడు వారాల కింద కోసింది.

అయినా జేబులోంచి కొలత టేపు తీసి ఫ్రేము నుంచి ఇరవై రెండు మీటర్లు కొలిచాడు. ట్యాంకు వెనక, లిఫ్టు గదిలో, పక్క బిల్డింగు గోడ మీద వెతికాడు. అండాలమ్మ చేత కింది రెండు అంతస్తుల బాత్రూములు తీయించి చూశాడు. ఎవరూ లేరు. చేతిలో టేపుతో ఎండలో నిలబడ్డాడు. అక్కడెక్కడో ఒకడు వేళ్ళతో వైర్లు మెలిపెడుతున్నాడు, తనేమో ఖాళీ గోడను కొలుస్తున్నాడు.

పదకొండూ ఇరవైకి త్రినాథరావు మెట్లెక్కి వచ్చాడు. వయసులో పదిహేనేళ్ళు చిన్న. ఒకప్పుడు సీతారాములు పట్టుకున్న దొంగలను తన పేరు మీద రాసుకున్న మనిషి. నెల రోజులుగా బందోబస్తులో సరిగా నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏంటి సీతారాములు గారూ, రిటైరయ్యాక కూడా మాకు పని పెడుతున్నారు."

"పిలగాడు యాడనో బంధించి ఉన్నడు సార్. తీగ మీద సైగ చేస్తుండు."

ఆయన చెప్పిందంతా త్రినాథరావు విన్నాడు. తర్వాత ఖాళీ ఫ్రేము వైపు చూపించాడు.

"బ్యాటరీలే అనుకున్నా. పెట్టె కూడా ఎత్తుకుపోయాడన్నమాట."

"ఈ కొసలు చూడున్రి. మూడు వారాల కింద కోసినయి."

"మూడు వారాల నుంచీ దొంగతనం చేస్తున్నాడని అర్థం. నిన్న బయటపడేలా ఉందని పారిపోయాడు."

"పారిపోయేటోడు నిన్న మళ్ళా ఈడికి ఎందుకొస్తడు? ఒచ్చి ఏడ పెట్టినవ్ అని ఫోన్ల ఎందుకు కొట్లాడుతడు?"

"వాటాల దగ్గర తేడా వచ్చి ఉండొచ్చు." త్రినాథరావు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "చూడండి, నా దగ్గర పన్నెండు మంది ఉన్నారు. పన్నెండు మందీ కొత్తపేటలో రోడ్డు మీదున్నారు. కంప్యూటర్‌లో ఏదో రంగు మారిందని నేను బిల్డింగులు సోదా చేయలేను. ఏ బిల్డింగో కూడా మీరు చెప్పలేకపోతున్నారు."

సీతారాములు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అది నిజం.

"దిగుదాం రండి. లిఫ్టు ఉందా?" అన్నాడు త్రినాథరావు.

"లిఫ్టు నడువది సార్," అంది అండాలమ్మ. "పది గొట్టంగనే కరెంట్ పోయింది. పన్నెండు దాకా రాదు. బొగ్గు లేదట, రోజు గిదే కథ."

సీతారాములు ఆగిపోయాడు. ఫోన్ తీసి కంట్రోల్ రూముకు చేశాడు, త్రినాథరావు వినేలా స్పీకర్ పెట్టాడు. పదకొండూ ముప్పై ఒకటి.

"బిడ్డా, పద్నాలుగో పెట్టె ఎట్లున్నది?"

"పచ్చగానే ఉంది సార్. పదకొండుకి ఆరెంజ్ షార్ట్ చేశాడు. నాలుగు జతలూ వరుసగా అయిపోయాయి. మనిషే సార్, అనుమానం లేదు."

"పొద్దటి నుంచి అది ఒక్కసారన్న ఆగిందా? పది తర్వాత?"

"లేదండి. ఇప్పుడే పదిసార్లు అడిగాను, పదిసార్లూ జవాబిచ్చింది."

"బిడ్డా, నేను ఆ పెట్టె ఉండాల్సిన జాగల నిలబడ్డ. ఈడ పెట్టె లేదు. కరెంట్ లేదు. బ్యాటరీలు కూడ లేవు."



"మరి నాతో మాట్లాడుతున్నది ఏంటి సార్?" అంది ఉదయలక్ష్మి.

"గా అడ్రసు ఎవరు రాస్తరు?"

"పెట్టేవాళ్ళే టైప్ చేస్తారు. తనెక్కడుందో పెట్టెకి తెలియదు. మనం ఏం రాస్తే అదే చూపిస్తుంది." ఆమె కుర్చీ ముందుకు జరిపిన చప్పుడైంది. "సార్, ఒకటి చేసి చూస్తాను. ఇక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్నది ఫైబర్. దాని మీద ఈ మీటర్ల పరీక్ష నడవదు. మా మెయిన్ స్విచ్‌లో ఆ పెట్టెకు పోయే పోర్టు మీద నడిపితే కుదరదని చెప్పాలి."

కీబోర్డు శబ్దం వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"చెప్పు బిడ్డా."

"కుదరదని చెప్పలేదు సార్. పద్దెనిమిది మీటర్లు అంది."

"అంటే?"

"పద్నాలుగో పెట్టె మా బిల్డింగులోనే ఉంది. ఈ గది నుంచి కింద సెల్లార్‌లో స్టోరు రూముకి సరిగ్గా అంతే ఉంటుంది. ఇరవై రెండు మీటర్లంటే... సెల్లార్ ఆ చివర మోటారు గది. అక్కడ పాత కెమెరా తీగ ఒకటి ఉండేది. కెమెరా తీసేశారు, తీగ అలాగే ఉంది."

త్రినాథరావు టోపీ పెట్టుకున్నాడు. మరో మాట అనకుండా ఎల్.బి.నగర్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అక్కడ ఎత్తింది రాతకోతలు చూసే రైటరు. స్టేషన్‌లో తను తప్ప ఎవరూ లేరని, అందరూ చౌరస్తాలో ఉన్నారని చెప్పాడు.

"పన్నెండుకి ఇక్కడ కరెంట్ పోతుంది సార్," అంది ఉదయలక్ష్మి. "మాకు యూపీఎస్ ఉంది గాని సెల్లార్‌కి లేదు. ఆ పెట్టె ఆగిపోతుంది. తర్వాత అతను ఏం చేసినా మనకు కనపడదు."

"దశరథ యాడున్నడు?"

"జనరేటర్ చూస్తానని కిందికి వెళ్ళారు. ఇప్పుడే. నేను మీటర్ల సంగతి చెప్తుండగా తలుపు దగ్గరే ఉన్నారు."

"తలుపు గడియ పెట్టుకో. తల్లిని నీ పక్కన కూసోబెట్టుకో. ఎటూ పోనియ్యకు."

"ఆంటీ లేరు సార్. మోటారు గది అనగానే లేచి వెళ్ళిపోయారు. నేను ఫోన్‌లో ఉండి ఆపలేకపోయాను."

సీతారాములు, త్రినాథరావు మెట్లు దిగుతూనే ఉన్నారు. ఫోన్ ఇంకా స్పీకర్ మీదే ఉంది. రెండో అంతస్తు దగ్గర ఉదయలక్ష్మి మళ్ళీ మాట్లాడింది.

"సార్, ఏడో పోర్టు. ఇప్పుడు ఇరవై రెండు కాదు."

"మరెంత?"

"రెండు. పెట్టె పక్కనే తీగ కోసేశారు."

జీపు కొత్తపేట దాకా వచ్చింది. అక్కడ రోడ్డుకు అడ్డంగా నాలుగైదు వందల మంది కూర్చున్నారు. జెండాలు, డప్పులు, రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టి వంట. పోలీసు జీపు కనపడగానే నినాదాలు పెరిగాయి. త్రినాథరావు దిగి ఎంత చెప్పినా యూనిఫాం వేసుకున్న మనిషి మాట అక్కడ ఎవరికీ వినపడలేదు. జనం జీపు చుట్టూ చేరారు.

సీతారాములు జనంలోకి నడిచాడు. "పోచంపల్లి పిలగాడు అన్నా, చావు బతుకుల మీదున్నడు. పోనియ్యున్రి." ఒకరు పక్కకు జరిగారు, వెనక ఇంకొకరు. దారి దొరికింది గాని అవతల బండి లేదు. ఆటోలూ బంద్. అరవై ఏళ్ళ వయసులో, మోకాలి నొప్పితో, రెండున్నర కిలోమీటర్లు. కాసేపు పరుగెత్తాడు, కాసేపు నడిచాడు. దారిలో పన్నెండయింది. రోడ్డు పక్క దుకాణాల్లో ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోవడం చూశాడు. ఉదయలక్ష్మికి చేయడానికి ఫోన్ తీశాడు. ఏం అడగాలి? అక్కడ జవాబు చెప్పేదేమీ మిగల్లేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ పరుగెత్తాడు.

పన్నెండూ ఇరవై ఏడుకు బిల్డింగు చేరాడు.

సెల్లార్ చీకటిగా ఉంది. మెట్ల మీద దశరథ కూర్చున్నాడు. ఒళ్ళో వైరు కత్తెర, తాళంచెవుల గుత్తి. పారిపోయే ప్రయత్నం చేయలేదు. స్టోరు రూము తలుపు తెరిచి ఉంది. లోపల గోడ పొడవునా ఇనప పెట్టెలు, ఒక్కోదాని మీద సుద్దతో నంబరు. పద్నాలుగు, పదిహేను, పంతొమ్మిది. అవన్నీ పైన తెర మీద దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నట్టు పచ్చగా కనిపించినవే.

సెల్లార్ ఆ చివర మోటారు గదిలో ఉదయలక్ష్మి ఫోన్ లైటు పట్టుకుని నిలబడింది. నేల మీద కౌసల్య కూర్చుని ఉంది. ఒడిలో కొడుకు తల. తల వెనక రక్తం గడ్డకట్టింది, పెదవులు పగిలాయి. చేతులు ముందుకు కట్టేసి ఉన్నాయి, మణికట్టుకు గడియారం. వేళ్ళ మధ్య ఇంకా నాలుగు రంగుల వైర్లు. ఒక్కొక్కటే తీయబోతే అతని చేయి బిగుసుకుంది.

"బతికున్నాడు సార్. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, మళ్ళీ మూస్తున్నాడు," అంది ఉదయలక్ష్మి. "నూట ఎనిమిదికి చేశాను. రోడ్లు బ్లాక్, గంట పడుతుందన్నారు."

సీతారాములు చేతి నాడి చూశాడు. ఉంది గాని చాలా సన్నగా ఉంది. గంట ఆగేలా లేదు.

మెట్ల దగ్గరికి వచ్చి దశరథ చొక్కా పట్టుకున్నాడు.

"తీగ కోసేటందుకే దిగిన సార్," అన్నాడు దశరథ. "కోసిన. తిరిగి చూస్తే ఆమె నిలబడ్డది. తాళంచెవి కూడ అడగలే. ఊకె నిలబడి నన్ను చూసింది. నేనే తాళం తీసిన."

"ఎందుకు కొట్టినవ్ వాణ్ణి?"

"తాళం ఏసింది నేను. కట్టేసింది నేను. కొట్టింది నేను కాదు సార్."

"మరెవరు?"

"పెట్టెలు గాడికెల్లి తెప్పించినాయన. సెంటర్లు బంద్ అయినయి, ఎవరడుగుతరని బ్యాటరీలు అమ్మిండు. బొంబాయోళ్ళ తెర మీద పచ్చగ కనపడాలని పెట్టెలు ఈడ పెట్టించిండు. నరేష్ నిన్న ఒచ్చి చూసిండు. మామా గిదేంది అని ఆయన్నే అడిగిండు. ఇనపరాడ్‌తోని ఎనకకెల్లి కొట్టిండు."

ర్యాంపు మీద కారు శబ్దం వినిపించింది. హెడ్‌లైట్లు సెల్లార్ నిండా పడ్డాయి. రామస్వామి కారు వెనక్కి తిప్పి మోటారు గది ముందు ఆపాడు. డోర్లు తెరిచి పరుగున దిగాడు.

"ఏమైంది చెల్లె? దొరికిండా? అయ్యో, నా బిడ్డ," అంటూ వంగి నరేష్ భుజాల కింద చేతులు వేశాడు. "అంబులెన్సు రాదు. నేను తీస్కపోత. ఎక్కు, ఎక్కు."

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత," అంది కౌసల్య. అప్పటికే ఆమె కొడుకు కాళ్ళు పట్టుకుని లేపుతోంది. ఇద్దరూ కలిసి వెనక సీట్లోకి చేర్చారు. ఆమె పక్కన ఎక్కి తల మళ్ళీ ఒడిలోకి తీసుకుంది.

దశరథను వదిలి సీతారాములు కారు దగ్గరికి పరుగెత్తాడు. నరేష్ కళ్ళు తెరిచాడు. రామస్వామి ముఖం చూశాడు. పెదవులు కదిలాయి.

"మామ..."

"ఈడనే ఉన్నడు బిడ్డా, మామ ఈడనే ఉన్నడు," అంది తల్లి.

నరేష్ తల అడ్డంగా ఊపడానికి ప్రయత్నించాడు. కళ్ళు మూతపడ్డాయి.

సీతారాములుకు ఆలోచించడానికి టైము లేదు. ఈ కారు ఆపితే నరేష్‌ను తీసుకెళ్ళడానికి ఇంకో కారు లేదు. తను తోలాలంటే తాళంచెవి కారులోనే ఉంది, రామస్వామి అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముందు డోరు తీసి పక్క సీట్లో కూలబడ్డాడు.

"నేనొస్త," అన్నాడు.

రామస్వామి ఆయన వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు మెట్ల మీదున్న దశరథ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. కారు కదిలింది. నాలుగు డోర్లూ ఒకేసారి లాకైన చప్పుడు వినిపించింది.

సీతారాములు ఫోన్ తీసి త్రినాథరావుకు చేశాడు. మోగుతోంది. కొత్తపేటలో ఆ డప్పుల మధ్య ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు.

కారు మెయిన్ రోడ్డు ఎక్కింది. పెద్ద దవాఖాన కుడివైపు, చౌరస్తా దాటితే ఐదు నిమిషాలు. రామస్వామి ఎడమకు తిప్పాడు.

"దవాఖాన గటు," అన్నాడు సీతారాములు.

"అటు రాస్తారోకో ఉన్నది సార్. బడంగ్‌పేట మీదకెల్లి పోదం. గటు రోడ్డు ఖాళీ."

అది నిజమో అబద్ధమో తెలుసుకునే దారి సీతారాములుకు లేదు. చెవి దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది. స్టీరింగు మీద చేయి వేస్తే కారు ఏ లారీ కిందకో పోతుంది, వెనక ఇద్దరున్నారు. ఇళ్ళు పలచబడుతున్నాయి.

వెనక సీట్లో కౌసల్య కొడుకు ఛాతీ మీద చేయి పెట్టి ముందుకు వంగింది.

"ఊపిరి తగ్గుతున్నది. జర తొందరగ పోనియ్యి అన్నా," అంది.

రామస్వామి స్పీడు పెంచాడు.